మా డాబా మీద కొలిచిన చప్పుడు

ఆ వేసవిలో చప్పుడు కొలిచే మిషను మా డాబా మీదికి రావడానికి కారణం, పక్కింటి నర్సక్క నా గురించి చెప్పిన ఒక్క మాట.

కొలతల ఇంజనీరు మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు నడిచి, చెమట తుడుచుకుంటూ "ఎవరింటి మీద పెట్టమంటారు?" అని అడిగాడు. పదిమంది పది ఇళ్ళు చెప్పారు. నర్సక్క అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చింది. చేతిలో సంచీ కూడా దించలేదు. "మా తమ్ముడి డాబా మీద పెట్టండి సార్. పుస్తకాలు కుట్టే మనిషి. ఒక్క కాగితం అటుదిటు కానివ్వడు. అంత నమ్మకస్తుడు ఈ వీధిలో ఇంకొకడు లేడు" అంది.

అందరూ తలలూపారు. నేను కూడా కాస్త ఛాతీ విరుచుకునే నిలబడ్డాను.

నేను బైండరుని. ఇంటి ముందు గదే నా దుకాణం. కోర్టు ఫైళ్ళు, బడి రిజిస్టర్లు, లైబ్రరీలో వెన్ను విరిగిన పుస్తకాలు నా దగ్గరికి వస్తాయి. మడిచిన కాగితాల కట్టల్ని, మేం ఫారాలంటాం, మా ఆవిడ కుడుతుంది, అట్టలు నేను కడతాను. గది మధ్యలో పుస్తకాలు అదిమే ఇనప ప్రెస్సు, మా నాన్న కాలం నాటిది, ఉంది. దాన్ని ఆయన నేలలోకి బోల్టులు దింపి, సిమెంటు పోసి నిలబెట్టాడు. ఆరుగురు పట్టినా కదలదు. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ దాన్ని చూసి, "ఇది మీ ఇంట్లో ఉందా, లేక దీని చుట్టూ మీరు ఇల్లు కట్టుకున్నారా?" అని అడిగింది.

విమానాశ్రయం మాకు కొత్త కాదు. కొత్తదల్లా రెండో రన్‌వే. అది తెరిచి ఏడాదైంది. అప్పట్నుంచీ విమానాలు మా వీధి మీదుగా దిగడం మొదలుపెట్టాయి. చక్రాలు దించుకుని, పొట్ట మీది అక్షరాలు చదవగలిగేంత కిందుగా వచ్చేవి. అలమరలో గాజుగ్లాసులు ఒకదాన్నొకటి తాకి గలగలమనేవి. మాట్లాడుతున్నవాళ్ళు నోరు తెరిచి అలాగే ఆగిపోయి, అది వెళ్ళాక మిగతా సగం చెప్పేవాళ్ళు. పై ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు మా వీధి మొత్తానికీ నత్తి ఉందనుకునేవాళ్ళు. మలుపులో ఉన్న సెలూన్ బాబాయి అయితే గోడకి బోర్డే తగిలించాడు: "విమానం వెళ్ళేటప్పుడు గడ్డం గీయబడదు."

చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. నర్సక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఆమెది పెద్దాసుపత్రిలో పసిబిడ్డల వార్డు, ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. నిద్రపోతే పగలే పోవాలి. చెవుల్లో దూది కుక్కుకుని, దాని మీద తువాలు చుట్టుకుని, కిటికీకి పాత పరుపు అడ్డం పెట్టుకుని పడుకునేది. అయినా గంటకి రెండు మూడుసార్లు మంచం అదిరేది. ఒంటరి మనిషి. ఆ ఇల్లు ఒక్కో గదీ ఒక్కో ఏడాది కట్టుకుంది. మా అమ్మ ఆఖరి రోజుల్లో మంచాన పడితే, అడక్కుండానే వచ్చి పక్కగుడ్డలు మార్చిన మనిషి. ఆమె ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, నగరపాలక ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగి, చివరికి ఈ కొలతలు సాధించింది. విమానాశ్రయం చుట్టూ ఉన్న నేలని చప్పుడును బట్టి భాగాలు చేస్తామన్నారు. ఎక్కడ ఇళ్ళుండొచ్చో, ఎక్కడ ఉండకూడదో, ఎవరికేం చేయాలో తేలుస్తామన్నారు. నలభై ఐదు రోజుల కొలత.

ఇంజనీరు మిషను బిగించాడు. మూడు కాళ్ళ స్టాండు, తాళం వేసిన బూడిదరంగు పెట్టె, పైన కడ్డీ చివర నిమ్మకాయంత నల్లటి స్పాంజి ఉండ.

"దీన్ని కదపొద్దు. చుట్టూ నాలుగడుగుల్లో ఏమీ పెట్టొద్దు. పదిరోజులకోసారి నేనే వచ్చి చూసుకుంటాను. చుట్టుపక్కల వేరే చప్పుళ్ళేమైనా అయితే, అంటే బోరు వేయడమో గోడ పగలగొట్టడమో, ఒక పుస్తకంలో రాసి ఉంచండి."

"నేను రాస్తానండి" అంది మా ఆవిడ.

ఆమె కోసం నేనే ఒక నోటుపుస్తకం కట్టిచ్చాను. వేరే చప్పుళ్ళు రాయమంటే ఆమె అన్నీ రాసేది. గుండ్రటి అక్షరాలు, ప్రతి దానికీ టైము. "9.10. పెద్దది. పాలగిన్నె మీది మూత కింద పడింది." "11.40. వరసగా మూడు. అక్క బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నిద్ర పట్టలేదట." "3.05. ఆయన ఏదో అడిగారు. వినపడలేదు. మళ్ళీ అడగలేదు." సాయంత్రం టీ తాగుతూ నాకు చదివి వినిపించేది. నేను నవ్వితే, "నవ్వకండి. ఇది రికార్డు" అనేది.

పదకొండో రోజున నగర ప్రణాళిక ఆఫీసుకి రిజిస్టర్లు ఇచ్చి రావడానికి వెళ్ళాను. అక్కడి గుమాస్తా స్నేహితుడేం కాదు గానీ, నేను వెళ్ళినప్పుడు కుర్చీ చూపించే మనిషి. ఆ రోజు అతని వెనక గోడ మీద కొత్త పటం ఉంది. విమానాశ్రయం చుట్టూ రంగులు పులిమి ఉన్నాయి.

"ఇదిగో, మీ వీధి" అని పెన్సిలు మొన పెట్టాడు. "ఇప్పటికి పసుపు. అంటే ఇంటింటికీ రెండు పొరల అద్దాల కిటికీలు బిగిస్తారు. వారం విడిచి వారం విమానాల్ని వేరే దారికి మళ్ళిస్తారు. తెలుపంటే ఏమీ లేదు. ఎరుపంటే ఇళ్ళుండవు."

"ఉండవంటే?"

"ఉండవంటే ఉండవు గురూ. ఖాళీ చేయించి ఊరవతల ఎక్కడో స్థలాలిస్తారు. ఇక్కడ గోడౌన్లు లేస్తాయి."

"మాది పసుపే కదా?"

"పసుపే. కానీ ఎరుపుకి వెంట్రుకవాసి దూరం. మీ మిషను ఇంకో రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపించిందనుకో..." అంటూ పెన్సిలు తిప్పి, వెనకున్న రబ్బరుతో మా వీధిని తుడిచేసినట్టు గాల్లో ఆడించాడు. సరదాకే.

నాకు ఇంటిదాకా నడిచిన గుర్తు లేదు. లోపలికి రాగానే ప్రెస్సు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కోర్టుకి పది నిమిషాల నడక, బడులు చుట్టూ నాలుగు వీధుల్లోనే ఉన్నాయి కాబట్టి నేను బైండరుని. ఊరవతల పుట్టల మధ్య నాకెవరు పుస్తకాలు తెచ్చిస్తారు? పగలగొట్టకుండా ఈ ఇనుము నేలలోంచి లేస్తుందా?

అడగడానికి ఇంజనీరు ఉన్నాడు. నర్సక్క ఉంది, ఆఫీసు మెట్లన్నీ ఎక్కిన మనిషి. మా ఆవిడ ఎదురుగానే కూర్చుని ఫారాలు కుడుతోంది. నేను ఎవర్నీ అడగలేదు. అడిగితే అది నిజమైపోతుందేమోనని భయం. కాదు, సరిగ్గా చెప్పాలంటే, అడిగితే ఇక నేను చేయబోయేది చేయలేనని భయం.

ప్రెస్సులో పుస్తకాల మధ్య పరిచే మందపాటి ఉన్నిగుడ్డ ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నం, మా ఆవిడ దారం కొనడానికి బజారుకి వెళ్ళినప్పుడు, దాని అంచు నుంచి మూడు ముక్కలు కత్తిరించాను. కుట్టు లోపలికి వచ్చేలా కలిపి కుట్టాను. పసిపిల్లల టోపీలా తయారైంది. డాబా మీదికి వెళ్ళి స్పాంజి ఉండకి తొడిగాను. కొలిచి కుట్టినట్టు అమరింది. అది చాలదనిపించి, జిగురు ఆరాల్సిన అట్టల్ని రన్‌వే వైపుగా, మిషనుకి జానెడు దూరంలో వరసగా నిలబెట్టాను. ఎండలో అట్టలు ఆరబెట్టుకోవడం నా పనిలో భాగమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు మూడు పాయింట్లు తగ్గితే చాలు. పసుపు పసుపుగానే ఉంటుంది, అక్కకి కిటికీలు వస్తాయి, మా ఇల్లు మాకుంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఉన్నిగుడ్డ ఎన్ని పాయింట్లు మింగుతుందో నాకేం తెలుసు?

ఇంజనీరు వచ్చే రోజు ముందే తెలుసు కాబట్టి, ఆ పొద్దున టోపీ తీసి, అట్టలు కిందికి దింపేవాణ్ణి. ఆయన వెళ్ళాక మళ్ళీ మామూలే.

మా ఆవిడ బట్టలు ఆరేయడానికి ఎప్పుడూ పెరట్లోకే వెళ్ళేది. ఒక్కసారి మాత్రం నన్ను భోజనానికి పిలవడానికి మెట్ల మీదికి వచ్చి, అట్టల వెనక భాగం చూసింది.

"మిషను దగ్గర ఏమీ పెట్టొద్దన్నారు కదండీ?"

"గాలికి పడిపోతున్నాయి. ఇక్కడైతే పిట్టగోడ అడ్డముంది. నాలుగడుగుల దూరం ఉందిలే."

"ఉంటే సరే" అని దిగిపోయింది. నా మాట మీద ఆమెకి అంత నమ్మకం. వారం తర్వాత ప్రెస్సు తుడుస్తూ, ఉన్నిగుడ్డ అంచు పట్టుకుని అడిగింది: "ఇక్కడ ముక్కేదీ?"

"ఎలుక కొట్టింది."

"అయ్యో, ఇంత సాపుగానా?" అని నవ్వింది. ఆ నోటుపుస్తకంలో ఎలుక గురించి కూడా ఒక ముక్క రాసిందేమో నాకు తెలీదు.

నలభై ఐదు రోజులు అయ్యాక, ఆఫీసు పక్కనున్న హాల్లో సభ పెట్టారు. మూడు వీధుల వాళ్ళు వచ్చారు. వేదిక మీద పెద్దాఫీసరు, పక్కన మన ఇంజనీరు. ముందు నర్సక్క మాట్లాడింది. నిద్ర లేని మనిషి గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది. చివర్లో, "మా వీధిలో ఒకావిడ రోజూ టైముతో సహా రాసింది సార్. వినండి" అని మా ఆవిడని లేపింది.

మా ఆవిడ అంతమంది ముందు నోరు విప్పడం అదే మొదటిసారి. మొదట పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పాలగిన్నె మూత దగ్గరికి వచ్చేసరికి జనం ఆప్యాయంగా నవ్వారు, దాంతో ధైర్యం వచ్చి చక్కగా చదివింది. ఒక రోజు ఇరవై ఆరు విమానాలు, ఒక రోజు ముప్ఫై ఒకటి. నాకు లోపల ఏదో పొంగింది. నా భార్య అనుకున్నాను.

ఇంజనీరు కాగితాలు సర్దుకుని లేచాడు. "పక్క రెండు వీధుల్లో చప్పుడు పసుపు గీత దాటింది. అక్కడ కిటికీల పనులు మొదలవుతాయి. ఈ వీధి లెక్క మాత్రం నాకు అర్థం కావడం లేదు. మొదటి పదిరోజులు ఎక్కువే ఉంది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. గీతకి చాలా కిందికి. విమానాలు అవే, గాలి అదే." ఆయన జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు. "బైండరుగారూ, మీరే చెప్పాలి. మిషనుని ఎవరైనా కదిపారా? ముట్టుకున్నారా? ఏ మాత్రం అనుమానమున్నా చెప్పండి, మళ్ళీ కొలుస్తాను. నాకేం కష్టం లేదు."

అంతకన్నా తేలిగ్గా ఎవరు అడుగుతారు? తలుపు తీసి పట్టుకుని, లోపలికి రమ్మన్నట్టు అడిగాడాయన. అందరూ నా వైపు తిరిగారు. నర్సక్క నన్ను చూసి తలూపింది, చెప్పు తమ్ముడూ అన్నట్టు.

లేచి నిలబడ్డాను. "ఎవరూ ముట్టుకోలేదండి" అన్నాను.

"ఖాయంగా?"

"నా కళ్ళముందే ఉంది కదండీ."

పెద్దాఫీసరు పెన్ను మూత పెట్టాడు. "అయితే మొదటి పదిరోజులు మిషను సర్దుకునే రోజులని తీసేయండి. ఈ వీధి తెలుపు. చూడమ్మా," అని మా ఆవిడ వైపు తిరిగి, "మీరు కావాలని రాశారని నేననను. కానీ చెవులకి కోపం ఉంటుంది, మిషనుకి కోపం ఉండదు. కాస్త ఎక్కువ చేసి రాసినట్టున్నారు" అన్నాడు. పక్క వీధి వాళ్ళు నవ్వారు. వెనక నుంచి ఎవరో "పాలగిన్నె మూత పిల్లి పడేసిందేమో!" అన్నారు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది.

మా ఆవిడ ఇంకా నిలబడే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఆఫీసర్ని చూడలేదు, నవ్వినవాళ్ళని చూడలేదు, నా ముఖం కూడా చూడలేదు. నా చేతుల వైపు చూసింది. కాసేపు చూసి, పుస్తకం మూసి కూర్చుంది.

ఇద్దరం ఇంటికి నడిచొచ్చాం. తాళం తీస్తుంటే వెనక నుంచి అడిగింది: "మనింట్లో ఎలుకలు ఎప్పట్నుంచి ఉన్నాయండీ?"

నేను తాళం తీయడంలోనే ఉండిపోయాను. ఆమె మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే జిగురు కాచే పొయ్యిలో ఆ టోపీ పడేశాను. ఉన్ని కాలిన కంపు గదంతా నిండింది. మా ఆవిడ వచ్చి, ఏమిటని అడక్కుండా, కిటికీ తెరిచి వెళ్ళింది.

పది గంటలకి ఇంజనీరు మిషను విప్పడానికి వచ్చాడు. మరలు ఊడదీస్తూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "మీ వీధికి పసుపు వస్తుందనే అనుకున్నాను. నర్సుగారు పాపం చాలా తిరిగారు" అన్నాడు.

నాకు నోరు ఆగలేదు. "పసుపు సంగతి సరే సార్. ఎరుపు తప్పింది, అదే పదివేలు."

ఆయన చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "ఎరుపా? మీకెవరు చెప్పారు? ఎరుపుకీ చప్పుడుకీ సంబంధం లేదండీ. అది రన్‌వే చివర నుంచి దూరాన్ని బట్టి గీసిన గీత. ఎప్పుడో గీసేశారు. మీ వీధి దానికి మైలు అవతల ఉంది. ఈ మిషను వల్ల మీకు వస్తే కిటికీలు వచ్చేవి, అంతే. పోయేదేమీ లేదు."

మూడు కాళ్ళ స్టాండు మడిచి భుజాన వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. డాబా మీద నేను ఒక్కణ్ణే. ఒక విమానం వచ్చింది, వెళ్ళింది. గోరంత భయానికి వీధినంతా తాకట్టు పెట్టాను. ఆ భయానికి కూడా ఆధారం లేదు. ఒక్క ప్రశ్న ఎవర్నైనా అడిగి ఉంటే సరిపోయేది.

తొలి వానలతో పాటే కొత్త ఏర్పాట్లు మొదలయ్యాయి. పక్క వీధులకి కిటికీలు వచ్చాయి. వాళ్ళ మీదుగా పోయే విమానాలు కొన్ని తగ్గాయి. తగ్గినవి ఆకాశంలో ఆవిరి కావు కదా. మా వీధి చప్పుడు లేని వీధి కాబట్టి మా మీదుగా మళ్ళించారు. మా ఆవిడ ఇక లెక్క రాయలేదు. రాసి ఉంటే ఒక్కో రోజుకి రెండు పేజీలయ్యేవి.

నర్సక్క కళ్ళ కింద నలుపు దిగింది. ఒకరోజు బస్సులో నిద్రపోయి ఊరి చివర దిగి నడిచొచ్చింది. ఇంకోరోజు వార్డులో కుర్చీలో కునుకు తీస్తూ దొరికిపోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటి మెమో. ఆ కాగితాన్ని నా దగ్గరికే తెచ్చింది, మడతలు పడకుండా ఒక ఫైలు కట్టివ్వమని. "బిడ్డకేం కాలేదులే తమ్ముడూ. పక్క నర్సు చూసుకుంది. కానీ అయ్యుంటే?" అంది. నేను ఆ మెమోకి అట్ట కట్టాను. ఖరీదైన పుస్తకాలకి వేసే మంచి కాలికో గుడ్డ వేసి కట్టాను.

ఆ వారమే సెలూన్ బాబాయి తన షాపులో వీధి వాళ్ళని కూర్చోబెట్టాడు. వారపు సెలవు రోజు, బయట వాన. గిర్రున తిరిగే కుర్చీల్లో పెద్దవాళ్ళు, బల్లల మీద మిగతావాళ్ళు. మళ్ళీ కొలవమని అర్జీ పెడదామని నర్సక్క అంది.

"కారణం రాయాలట" అన్నాడు బాబాయి. "ఊరికే రాస్తే బుట్టలో పడేస్తారు. మిషను తప్పు చూపించిందని మన దగ్గర ఏం రుజువుంది?"

ఎటు చూసినా అద్దాలే. ప్రతి అద్దంలోనూ నేనే. వెనక బల్ల మీద మా ఆవిడ తల వంచుకుని ఉంది. సభ అయినప్పట్నుంచీ వీధిలో ఆమెకి కొత్త పేరు వచ్చింది, పాలగిన్నెమ్మ అని. ముఖం మీద ఎవరూ అనరు గానీ, ఆమెకి తెలుసు.

లేచాను. "మిషను తప్పు కాదు బాబాయ్. నేనే చేశాను. దానికి ఉన్నిగుడ్డతో టోపీ కుట్టి తొడిగాను. అట్టలు అడ్డం పెట్టాను. మా ఆవిడ రాసిందంతా నిజం."

ఇక పడుతుంది, ఏదో ఒకటి పడుతుంది అనుకున్నాను. చెంపదెబ్బో, ఉమ్మో.

బాబాయి నన్ను ఎగాదిగా చూసి, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ అబ్బాయ్, పెళ్ళాం పరువు కోసం ఇంత పని చేస్తావట్రా?"

"కాదు బాబాయ్, నిజంగానే..."

"ఏదీ, ఆ టోపీ చూపించు."

"కాల్చేశాను."

షాపంతా ఘొల్లుమంది. "కాల్చేశాడట!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. "ఒక్క కాగితం అటుదిటు కానివ్వని మనిషి, మిషనుకి టోపీ పెట్టాడట!"

నర్సక్క మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "అబద్ధం కూడా చేతకాదు నీకు తమ్ముడూ. నేను పడుతున్న బాధ చూడలేకా, ఈ పిల్లని చూసి నవ్వారనా? నీ మీద వేసుకుంటే వాళ్ళు నిన్ను జైల్లో పెడతారు గానీ, మాకు కిటికీలు పెట్టరు. కూర్చో."

అప్పుడు మా ఆవిడ తలెత్తింది. "అక్కా, ఆయన చెప్పింది నిజమే" అంది. గట్టిగానే అంది.

బాబాయి చేతులు జోడించాడు. "చూశారా! ఆయన ఆవిడ కోసం, ఆవిడ ఆయన కోసం. మొగుడూ పెళ్ళాలంటే అలా ఉండాలి. మా ఇంట్లోనూ ఉన్నారు, ఎందుకూ?"

మళ్ళీ నవ్వులు. ప్రేమగా, వెచ్చగా ఉన్నాయి ఆ నవ్వులు. మా ఆవిడ మాట రెండోసారి కూడా చెల్లలేదు. ఆమె నా వైపు చూసింది, ఈసారి తిన్నగా కళ్ళలోకి. నేను ఇంకొక్క మాట అనాలి. రోజులతో సహా, కత్తిరించిన కొలతలతో సహా, గుమాస్తా చెప్పింది, ఇంజనీరు చెప్పింది, అన్నీ చెప్పొచ్చు. ఉన్నిగుడ్డ ఇంట్లోనే ఉంది, తెచ్చి అంచు చూపించొచ్చు. వీళ్ళు నమ్మకపోతే ఇంజనీరు దగ్గరికి వెళ్ళి రాసివ్వొచ్చు. ఆయన నమ్ముతాడు, ఆయన లెక్క అక్కడే తప్పింది మరి.

నా భుజం మీద నర్సక్క చెయ్యి ఉంది. నేను కూర్చున్నాను.

సభలో భయంతో అబద్ధమాడాను. ఇక్కడ మాత్రం హాయిగా ఉంది కాబట్టి ఊరుకున్నాను. మొదటిదానికి ఎప్పుడైనా నన్ను నేను క్షమించుకుంటానేమో. నర్సక్క అందరికన్నా ముందు నాకే టీ ఇచ్చింది, ఉన్నవాటిలో పెద్ద గ్లాసు చూసి. చల్లారకముందే తాగమంది. తాగాను.

అర్జీ పెట్టారు, బుట్టలో పడింది. ఏడాది తిరక్కముందే నర్సక్క ఆ ఇల్లు అద్దెకిచ్చి, ఆసుపత్రి వెనక ఒంటిగదిలోకి మారిపోయింది. వెళ్ళేటప్పుడు తాళంచెవి నా చేతికే ఇచ్చింది. మూడేళ్ళకి ఆఫీసు వాళ్ళు మామూలుగానే మళ్ళీ కొలిచారు. ఈసారి మిషనుని బడి మీద పెట్టారు. పసుపు గీత దాటింది. ఇప్పుడు అందరికీ రెండు పొరల అద్దాలున్నాయి, మాకు కూడా. మా ఆవిడ రాసింది నిజమేనని అప్పుడెవరికీ గుర్తు రాలేదు. మంచి మొగుడని నా పేరు మాత్రం వీధిలో ఇంకా ఉంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి బాబాయి నన్ను చూపించి చెబుతాడు.

మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఫారాలు కుడుతుంది, వేళకి అన్నం పెడుతుంది, ఏమండీ అనే పిలుస్తుంది. సెలూన్ నుంచి తిరిగొచ్చిన ఆ రోజు కూడా, "కోర్టు వాళ్ళవి రేపటికి ఇవ్వాలి. పొద్దున్నే లేపండి" అని మాత్రమే అని పడుకుంది.

తెల్లవారాక భుజం తట్టి లేపాను. "ఆరైంది" అన్నాను.

ఆమె లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. తర్వాత ముందు గదిలోకి వెళ్ళి, గోడ గడియారం చూసుకుని వచ్చింది.